వచ్చే వారం లేని బేరం

షాబాన్ నెలలో వార్షిక పరీక్షలు ముగిసి, విద్యార్థులు పెట్టెలు సర్దుకొని తమ తమ ఊళ్ళకు వెళ్ళిపోయాక మదర్సాలో మిగిలేది గోడలు, పావురాలు, మేము. గుంటూరు జిల్లాలోని మా మదర్సాలో పాతికేళ్ళకు పైగా ఫిఖ్హ్ బోధిస్తున్న మాకు ఏడాది మొత్తంలో ఆ పది పదిహేను రోజులే తీరిక. మా వద్ద చదువుకొని, ఇప్పుడు శ్రీకాకుళం సమీపంలో ఒక మస్జిదులో ఇమామత్ చేస్తున్న శిష్యుడు ఒకడు "ఉస్తాద్, ఒక్కసారి మా వైపు రండి" అని ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉన్నాడు. ఈసారి బయలుదేరాము.

వెళ్ళేటప్పుడు రెండు పనులు మా మీద పడ్డాయి. భీమాళి మామిడి తాండ్ర తెమ్మని ఇంట్లో అడిగారు. కొండచీపుర్లు నాలుగైనా తెమ్మని మదర్సా వంటమనిషి అడిగాడు. ఆ కొండల్లో కోసిన చీపురు రెండేళ్ళు ఊడ్చినా పుల్ల రాలదని అతడికెవరో చెప్పారట. తాండ్ర, చీపుర్లు అనే ఈ రెండు చిన్న సరుకుల కోసం మేము చేసిన బేరాల సంగతే ఈ వ్యాసం. పాఠకులు దీనిని కేవలం యాత్రా విశేషంగా చదవవద్దని మనవి. ఇందులో మేము ఒప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది.

తెల్లవారుజామున విజయనగరంలో దిగాము. 1713లో కట్టిన కోట ఇప్పటికీ ఊరి నడుమ నిలిచి ఉంది. గంటస్తంభం, మూడు లాంతర్లు అని అక్కడివారు దారి చెప్పే గుర్తులు రెండూ బజారులోనే ఉన్నాయి. ఉదయం పూట ఆ వీధుల్లో నడుస్తుంటే కొనేవారి కంటె అమ్మేవారి గొంతులే ముందు వినిపిస్తాయి. ఆ తెలుగు మన తెలుగే, కాని సాగదీత వేరు, విరుపు వేరు. "ఏటి కావాల బావు?" అన్న పిలుపులో ఉన్న ఆప్యాయత మాకెంతో నచ్చింది. అయితే ఆ యాస ఎంత మధురంగా వినిపించిందో, మా యాస వారికంత స్పష్టంగా వినిపించిందని కాసేపటికి గాని మాకు తెలియలేదు.

ఒక దుకాణంలో తాండ్ర ధర అడిగాము. మేము "ఎంతండీ?" అన్న ఒక్క మాటతోనే ఆ దుకాణదారు మమ్మల్ని కొలిచేశాడు. మా గడ్డం, మా టోపీ అతడికి కొత్త కావు. ఆ ఊళ్ళో ముస్లిములు తరతరాలుగా ఉన్నారు. మమ్మల్ని పట్టించినది మా గుంటూరు మాట. కిలో మూడు వందలన్నాడు. మేము రెండు వందల ఇరవై అన్నాము. నవ్వాడు, తల ఊపాడు, తూకం వేస్తూ, "దూరం నుంచొచ్చారు, మీకని రెండొందల అరవైకిస్తన్నాను, ఇంకెవరికీ ఇవ్వను" అన్నాడు. మేము సంతోషించి కృతజ్ఞత కూడా చెప్పాము. ఆ సాయంకాలం మేము దిగిన బసలోని గుమాస్తా ఆ పొట్లం చూసి, అదే తాండ్రను అదే వీధిలో తాను రెండు వందలకు తెచ్చుకుంటానన్నాడు.

అరవై రూపాయలు పెద్ద మొత్తం కాదు. కాని ఆ రాత్రి మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు, మేము కృతజ్ఞత చెప్పినందుకు. బేరంలో ఓడిపోయినవాడు ఓడిపోయానని తెలుసుకుంటే ఒక రకం. గెలిచానని మురిసిపోయి తరువాత తెలుసుకుంటే ఆ అవమానం వేరు. మర్నాటి నుంచి ఎవరి దగ్గరా మోసపోకూడదని ఒక గట్టి నిశ్చయం మా మనసులో కూర్చుంది. ఆ నిశ్చయమే మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోయిందో ముందు ముందు చెబుతాము.

ఆదివారం రైలులో శ్రీకాకుళం బయలుదేరాము. కొత్తవాడికి అక్కడ మొదటి చిక్కు స్టేషను దగ్గరే ఎదురవుతుంది. పలక మీద శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది, దిగిన ఊరు మాత్రం ఆమదాలవలస. శ్రీకాకుళం పట్టణం అక్కడికి పది పన్నెండు కిలోమీటర్లకు పైగానే ఉంది. ఆటో అతను ధర చెప్పేలోపే మేము సగం ధర చెప్పాము. అతడు విచిత్రంగా చూసి, "అందరితో పాటు కూకుంటే అందరిచ్చిందే ఇవ్వండి బావు" అన్నాడు. అక్కడ బేరమే లేదు. మా నిశ్చయం మొదటిసారి మమ్మల్నే వెక్కిరించింది. అయినా మాకు బుద్ధి రాలేదు.

శిష్యుడు నాగావళి ఒడ్డున ఎదురుచూస్తున్నాడు. మగ్రిబ్ నమాజుకు జామియా మస్జిదుకు తీసుకువెళ్ళాడు. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో ఇక్కడ ఫౌజుదారుగా ఉన్న షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మస్జిదు అది. ఆ రోజుల్లో ఈ పట్టణానికి గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేది. ఆంగ్లేయుల నోట అది చికాకోల్ అయింది. చికాకోల్ మస్లిన్ అనే సన్నని వస్త్రం దూరదేశాలలో పేరు మోసింది. ఈ తీరంలో వస్త్రాల కోసం వచ్చినవారిలో డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు అందరూ ఉన్నారు. దక్షిణాన భీమునిపట్నంలో డచ్చివారికి వర్తక స్థావరమే ఉండేది. వారిలో ఎవరికీ తెలుగు రాదు. అందుకని ప్రతి కంపెనీ ఒక దుబాసీని పెట్టుకునేది. రెండు భాషలు తెలిసిన ఆ మనిషి నోటి మీదుగానే బేరాలన్నీ నడిచేవి. "ఈ రెండు రోజులూ మీకు నేనే దుబాసీని ఉస్తాద్" అన్నాడు శిష్యుడు నవ్వుతూ. సోమవారం సీతంపేట సంత ఉందనీ, కొండచీపుర్లు అక్కడ దొరికినట్టు మరెక్కడా దొరకవనీ చెప్పాడు.

సీతంపేట చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. పాలకొండ దాటాక బస్సు కొండల వైపు తిరుగుతుంది. సవరలు, జాతాపులు ఆ కొండల్లో కాపురముండే గిరిజనులు. వారపు సంత వారికి అంగడి మాత్రమే కాదు. బంధువుల కబుర్లు తెలిసేది అక్కడే, పెళ్ళి సంబంధాల మాట కదిలేది అక్కడే, ఆసుపత్రి పని, ఆఫీసు పని చక్కబెట్టుకునేదీ ఆ రోజే. కొండ మీద నుంచి చింతపండు, పసుపు, కందులు, అడ్డాకులు, చీపుర్లు దిగుతాయి. కింద నుంచి ఉప్పు, ఎండుచేపలు, ఉల్లిపాయలు, బట్టలు, ప్లాస్టిక్ బిందెలు ఎక్కుతాయి. ధాన్యం, పప్పులు కొలిచే చోట కిలోల లెక్కతో పాటు కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల అనే మాటలు ఇంకా వినిపిస్తాయి. సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక, మానికలు రెండైతే అడ్డ, అడ్డలు రెండైతే కుంచం. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. కాని పెద్దవారి నోటిలో పాత కొలత అంత తొందరగా చావదు.

కొలత పాతదైనా కొత్తదైనా కొలిచే చేతిలోనే అంతా ఉంది. ఒకప్పుడు ఈ సంతల్లో షావుకార్ల చేతి కుంచం కొనేటప్పుడు ఒక రకంగా, అమ్మేటప్పుడు మరొక రకంగా నిండేదని ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఉప్పుకూ, గుడ్డకూ, అప్పుకూ బదులుగా అడవి సరుకు కారుచౌకగా దిగిపోయేది. ఆ దోపిడికి అడ్డుకట్టగా 1956లో ప్రభుత్వం సహకార సంస్థను స్థాపించింది. విశాఖపట్నం కేంద్రంగా నేడు మనం గిరిజన తేనె కొనే గిరిజన సహకార సంస్థ అదే. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో రగిలిన తిరుగుబాటుకు మూలాలు వెతికినవారందరూ భూమితో పాటు ఈ వడ్డీ వ్యాపారాన్నీ, ఈ సంత బేరాన్నీ చూపించారు. ఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు తూకంలో తగ్గించేవారి పేరే పెట్టబడింది. షుఐబ్ (అలైహిస్సలాం) మద్యన్ ప్రజలను తౌహీదు తరువాత హెచ్చరించినది కొలతల గురించే. పాఠం చెప్పేటప్పుడు ఈ ఆయతులు మాకు ఏదో ప్రాచీన జాతి కథగా తోచేవి. సీతంపేట దారిలో అవి నిన్న మొన్నటి సంగతిలా తోచాయి.

సంతకు రెండు మలుపుల ముందే బస్సు నెమ్మదించింది. కొందరు చిరువ్యాపారులు సంచులతో రోడ్డు మీదే కాచుకొని ఉన్నారు. తలల మీద మూటలతో కొండ దిగి వస్తున్న ఆడవారిని అక్కడే ఆపి సరుకు అడుగుతున్నారు. మా కన్ను వెంటనే పట్టుకుంది. శిష్యుడి వైపు తిరిగి, "చూశావా? తలఖ్ఖీ అంటే ఇదే. పదిహేనేళ్ళ క్రితం నీకు చెప్పిన పాఠం" అన్నాము. బయటి నుంచి సరుకు తెచ్చేవారిని బజారు చేరకముందే ఎదురేగి కొనడాన్ని దైవప్రవక్త (స) వారించారు. ఎందుకంటే తెచ్చినవాడికి ఇంకా బజారు ధర తెలియదు. అలా అమ్మినవాడు తరువాత బజారుకు వచ్చి ధర తెలుసుకుంటే బేరం రద్దు చేసుకునే హక్కు అతడికి ఉందని హదీసులో ఉంది. ఆ విషయంలో ఇమాముల అభిప్రాయ భేదాలను కూడా బస్సు ఆగేవరకు వివరించాము. శిష్యుడు వినయంగా విన్నాడు. మా మాటలు మాకే చాలా బాగున్నాయి.

సంతలో కాసేపు తిరిగాము. శిష్యుడు చింతపండు తూకం వేయించుకుంటున్నాడు. మధ్యాహ్నం దాటుతోంది. రోడ్డు పక్కన ఒక చెట్టు మొదట ఒక వృద్ధురాలు చీపురు కట్టలు ముందు పెట్టుకొని కూర్చొని ఉంది. నుదుటి నుంచి ముక్కు మీదుగా పాత పచ్చబొట్టు గీత. చెవులకు బరువైన పోగులు. ఆమె ముందు నాలుగే చీపుర్లు మిగిలి ఉన్నాయి. మేము ధర అడిగాము.

"ఒకటి అరవై బావు."

మొన్నటి తాండ్ర మా కళ్ళ ముందు మెదిలింది. అరవై అన్న అంకె కూడా అదే. "నలభై చేసుకో అమ్మా, నాలుగూ తీసుకుంటాము" అన్నాము. ఆమె తల అడ్డంగా ఊపింది. పుల్ల పుల్లా ఏరి కట్టినవనీ, కొండ మీద నుంచి మోసుకొచ్చాననీ అంది. మేము రెండడుగులు వెనక్కు వేశాము. బేరంలో అందరూ వేసే అడుగులే. అప్పుడు ఒక మాట మా నోటి నుంచి వచ్చింది. "కింద ఊళ్ళలో నలభైకే ఇస్తున్నారమ్మా" అన్నాము.

ఆమె మా ముఖంలోకి చూసింది. అంతలో రోడ్డు మీద జీపు హారను మోగింది. కొండ మీది ఊళ్ళకు వెళ్ళే జీపు. "సరే తీసుకోండి బావు, బండి ఎలిపోతాది" అని నాలుగు చీపుర్లూ మా చేతికిచ్చి, నూట అరవై రూపాయలు కొంగున ముడి వేసుకొని వెళ్ళిపోయింది. మేము గెలిచాము.

తిరుగు ప్రయాణంలో బస్సు పాలకొండ దాటింది. చీపుర్లు మా మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొని కూర్చున్నాము. శిష్యుడు వాటిని మెచ్చుకొని ధర అడిగాడు. నలభై అన్నాము. ఆశ్చర్యపోయాడు. తాను మా పక్క వరుసలో నిలబడినప్పుడు స్థానిక ఆడవారు మారు మాట లేకుండా అరవై ఇచ్చి తీసుకున్నారట. మేము గర్వంగా మా నేర్పు చెప్పాము. అప్పుడతడు ఏ కల్మషమూ లేకుండా ఇలా అడిగాడు:

"కింద ఊళ్ళలో నలభైకి ఎక్కడిస్తున్నారు ఉస్తాద్? మా మస్జిదుకు కూడా రెండు కావాలి."

జవాబు మా దగ్గర లేదు. కింద ఏ ఊళ్ళోనూ మేము చీపుర్ల ధర అడగలేదు. విజయనగరంలో అడిగింది తాండ్ర ధర. మాకు తెలియని ధరను తెలిసినట్టు చెప్పాము. దానికి పేరు నేర్పు కాదు. పాతికేళ్ళుగా పిల్లలకు ఏ పేరు చెబుతున్నామో ఆ పేరే దానికి. బస్సు శబ్దంలో కాసేపు మౌనంగా ఉండి, చివరకు "ఎక్కడా అడగలేదు నాయనా, ఆ మాట అబద్ధం" అన్నాము. అతడు తల వంచుకున్నాడు. మేము కిటికీలోంచి బయటకు చూశాము. ఆ సాయంకాలం శ్రీకాకుళం బజారులో అడిగితే అదే చీపురు వంద రూపాయలన్నారు.

రాత్రి ఇషా తరువాత శిష్యుడు చాలా మర్యాదగా మాకు ఊరట చెప్పబోయాడు. ఆమె ఒప్పుకొనే ఇచ్చింది కదా, బేరం చెల్లుతుంది కదా, ఆమె సంతలోనే ఉంది కాబట్టి తలఖ్ఖీ కూడా కాదు కదా అన్నాడు. ఫిఖ్హ్ ప్రకారం అతడు చెప్పినదంతా సరైనదే. బేరమాడడం మన ధర్మంలో నిషిద్ధం కానే కాదు. దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ జాబిర్ (రజి) ఒంటెను ప్రయాణంలో బేరమాడి కొన్నారు. అయితే ఆ కథ అక్కడ ముగియదు. మదీనా చేరాక ఆయన ధర పూర్తిగా చెల్లించి ఒంటెను కూడా జాబిర్‌కే తిరిగి ఇచ్చేశారు. హజ్రత్ జరీర్ (రజి) తన తరఫున మూడు వందలకు కుదిరిన గుర్రాన్ని చూసి, అది అంతకంటె ఎక్కువ విలువ చేస్తుందని అమ్మినవాడికే చెప్పి, పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలు ఇచ్చారని ఉల్లేఖనం ఉంది. కొనేవాడూ అమ్మేవాడూ నిజం చెప్పి, ఉన్నది ఉన్నట్టు తెలిపితే ఆ బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందనీ హదీసు. ఆ హదీసులో అమ్మేవాడు ఒక్కడే లేడు. కొనేవాడూ ఉన్నాడు. బజారులో అబద్ధం అనగానే మనకు దుకాణదారు గుర్తుకొస్తాడు. సంచి పట్టుకొని ఇవతల నిలబడిన మనం గుర్తుకు రాము.

ఆ రాత్రి ఆలోచిస్తుంటే తాండ్ర అమ్మినవాడూ మేమూ ఒకే తానులోని ముక్కలమని తోచింది. వాడు "మీకని" అన్నాడు, మేము "కింద ఊళ్ళలో" అన్నాము. ఇద్దరి ధైర్యానికీ ఆధారం ఒక్కటే. ఎదుటి మనిషి మళ్ళీ కనబడడని. ఊళ్ళోవాళ్ళ బేరం ఇలా ఉండదు. ఈ సోమవారం ఒక రూపాయి ఎక్కువ పుచ్చుకున్నవాడు వచ్చే సోమవారం గుప్పెడు మిరపకాయలు అదనంగా వేస్తాడు. మరీ తగ్గించి కొన్న ఇల్లాలు పై వారం అమ్మిన మనిషి ముఖం చూడలేక నాలుగు రూపాయలు వదిలేస్తుంది. మాట తేడా వస్తే పదిమందీ నిలదీస్తారు. ఎవరూ ధర్మశాస్త్రం చదవకుండానే వచ్చే వారం అన్నది వారిద్దరినీ కట్టి ఉంచుతుంది. సముద్రం దాటి వచ్చిన కంపెనీవాళ్ళకు కూడా మళ్ళీ ఓడ రావలసిన అవసరం ఉండేది. బాటసారి బేరానికి మాత్రం వచ్చే వారం లేదు. అందుకే బాటసారిని మోసగించడం తేలిక. బాటసారి మోసగించడం అంతకంటె తేలిక. అతడు బస్సెక్కగానే ఆ లెక్క మూతపడిందనుకుంటాడు. అది మూతపడదని, ఆ లెక్క తెరిచే దినం ఒకటి ఉందని నమ్మేవారమే మనం.

మంగళవారం శిష్యుడు పొందూరు తీసుకువెళ్ళాడు. అక్కడి ఖాదీ గాంధీజీ కాలం నుంచి ప్రసిద్ధం. 1949లో ఏర్పడిన ఖాదీ కార్మికుల సంఘం వస్త్రాలు అమ్ముతుంది. ధర చీటీ మీద ఉంటుంది, బేరం లేదు. కాని మమ్మల్ని నిలబెట్టినది ధర కాదు. ఒక ఇంటి అరుగు మీద ఒక తల్లి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతోంది. ఆ సన్నని పళ్ళ మధ్య నుంచి గింజకు అంటిన దూది పీచు పీచుగా చక్కబడుతోంది. ఆ తరువాత గింజ తీయాలి, వింటితో ఏకాలి, ఏకులు చేసి అరటి దొప్పలో దాచాలి, అప్పుడు రాట్నం మీద వంద నంబరు నూలు తీయాలి. ఆ తరువాత గాని మగ్గం లేదు. ఒక్క పంచె వెనుక ఎన్ని చేతులున్నాయో కళ్ళారా చూశాక చీటీ మీది అంకె మాకు ఎక్కువనిపించలేదు. కొండచీపురు వెనుక పనిని మేము చూడలేదు. గడ్డి కోసేచోటు చూడలేదు, పుల్ల ఎండబెట్టడం చూడలేదు, మోసిన దారి చూడలేదు. ఆమె చెప్పింది, కాని మేము దానిని బేరంలో భాగమనుకున్నాము. పని కనబడని చోట అమ్మేవారి మాట వినడం కొనేవాడి బాధ్యత.

బుధవారం మా రైలు. స్టేషనులో శిష్యుడి చేతికి ఎనభై రూపాయలిచ్చాము. నాలుగు చీపుర్ల మీద ఆ సంత ధరకూ మేమిచ్చినదానికీ తేడా అది. వచ్చే సోమవారం ఆమెను వెతికి ఇవ్వమన్నాము. మేము చెప్పినది నిజం కాదని కూడా చెప్పమన్నాము. "ఆమె పేరేమిటి ఉస్తాద్? ఏ ఊరు?" అన్నాడు. మేము అడగలేదు. ధర అడిగాము, తగ్గించమన్నాము, అబద్ధం కూడా ఆడాము. పేరు మాత్రం అడగలేదు. పచ్చబొట్టు గీత, చెవిపోగులు, చెట్టు మొదలు ఇవే మేమివ్వగలిగిన గుర్తులు. ఆ వయసు ఆడవారిలో ఆ గుర్తులు లేనివారు అక్కడ అరుదు.

శిష్యుడు ఆ సోమవారం వెళ్ళాడు. ఆ చెట్టు మొదట ఎవరో యువకుడు ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతున్నాడట. తరువాతి సోమవారం కూడా వెళ్ళాడు. ఆపైన రమజాను వచ్చింది. పండుగ తరువాత వెళితే చీపుర్ల కాలమే అయిపోయింది, చింతపండు కూడా తగ్గిపోయిందన్నాడు. ఆ డబ్బును ఆమె పేరున దానం చేసేయమని మా తోటి ఉస్తాదు ఒకరు సలహా ఇచ్చారు. యజమాని దొరకని సొమ్ముకు దారి అదేనని మాకూ తెలుసు. కాని దొరకలేదనడానికి మనిషి ముందు తాను వెతకాలి. మేము ఇంకా వెతకలేదు, శిష్యుడిని పంపాము అంతే.

ప్రయాణాలు చేసే పాఠక సోదర సోదరీమణులకు ఈ అనుభవం నుంచి నాలుగు మాటలు. కొత్త ఊరి బజారులో కొనే ముందు ఒక్క చుట్టు తిరిగి, స్థానికులు ఎంత ఇస్తున్నారో చూడండి. మోసపోకుండా ఉండడానికీ, మోసం చేయకుండా ఉండడానికీ ఆ ఒక్క చుట్టు పనికివస్తుంది. కొలత ఏమిటో, తూకం ఏమిటో ముందే అడగండి. కొనే ఉద్దేశం లేకుండా ధర అడిగి అమ్మేవారి పూట పాడు చేయవద్దు. ఇంకొకరి బేరం నడుస్తుండగా మధ్యలో దూరవద్దు, దానిని మన ధర్మం స్పష్టంగా వారించింది. తగ్గించమని అడగండి, అది మీ హక్కు. కాని తెలియని ధరను తెలిసినట్టు చెప్పవద్దు. ఎదుటి మనిషి తొందరను, బస్సు వేళను, చీకటి పడే వేళను మీ బలంగా చేసుకోవద్దు. పిల్లలను వెంట తీసుకువెళ్ళినప్పుడు మరింత జాగ్రత్త. మదర్సాలో మేము ఏడాది పొడవునా చెప్పేదానికంటె, బజారులో మీ వెనుక నిలబడి వారు పది నిమిషాల్లో నేర్చుకునేది ఎక్కువ. మా శిష్యుడు చిన్నపిల్లవాడు కాదు. అయినా అతడి ముందు నోరు విప్పలేకపోయిన ఆ కొద్దిసేపు మాకు ఇప్పటికీ గుర్తుంది.

చీపుర్లు నాలుగూ మదర్సా వరండాలో ఉన్నాయి. వంటమనిషి చెప్పినది నిజమే, ఇంతకాలం ఊడ్చినా పుల్ల రాలలేదు. ఫజ్ర్ తరువాత పిల్లలు వరండా ఊడుస్తున్న చప్పుడు మా గదిలోకి వినిపిస్తుంది. ఇన్షా అల్లాహ్, చలి తగ్గి కొండల్లో మళ్ళీ చీపుర్లు దిగే రోజుల్లో, వచ్చే షాబాన్ సెలవుల్లో, మేమే ఒక సోమవారం సీతంపేట వెళ్ళి ఆ చెట్టు దగ్గర పొద్దుటి నుంచి కూర్చుంటాము. ఆమె వస్తే ముందు పేరు అడుగుతాము.